అనుమానము – సంశయము : ‘తులసిదళం’ పునఃపఠనము

ఒక నవలను మొదటిసారి చదువుట వేరు, మరల చదువుట వేరు. మొదటి పఠనమున పాఠకుడు ‘తరువాత ఏమి జరుగును?’ అని అడుగును. రెండవ పఠనమున జరుగబోవునది తెలిసియే యుండును గనుక, ‘ఇది నాకెట్లు తెలిసినది? ఎవరు చెప్పగా తెలిసినది?’ అని అడుగుటకు తీరిక చిక్కును. ఉత్కంఠయే ప్రాణముగా గల నవలలకు ఈ రెండవ ప్రశ్న కఠినపరీక్ష. పెక్కు నవలలు దానికి నిలువవు. కొన్ని నిలుచుటయే గాక, రచయిత ఉద్దేశించినను ఉద్దేశింపకున్నను, పాఠకునకు ఒక విద్యను నేర్పును. యండమూరి వీరేంద్రనాథ్ రచించిన ‘తులసిదళం’ అట్టి నవల యని మా యభిప్రాయము. ఆ విద్యకు సంశయమని పేరు. అది అనుమానముకంటె వేరైనదని నిరూపించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

‘తులసిదళం’ 1980వ దశకపు ఆరంభమున ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి, అసాధారణమైన ప్రజాదరణ పొందినది. వారము వారము పత్రికకై ఎదురుచూచిన తరమొకటి నేటికిని దానిని అభిమానముతో తలచుకొనుచున్నది. కథాసూత్రము సుపరిచితమే. తులసి యను బాలికకు గొప్ప సంపద రావలసియున్నది. ఆమె లేకుండినచో అది అన్యులపాలగును. ఆ సంపదను కోరినవారు కాద్రా యను మాంత్రికుని ఆశ్రయించి, ఆ పసిదానిపై కాష్మోరా యను క్షుద్రశక్తిని ప్రయోగింపజేయుదురు. బిడ్డ వ్యాధిగ్రస్తయగును. తండ్రి శ్రీధర్ ఒకవైపు వైద్యశాస్త్రమును, మరియొకవైపు మంత్రశాస్త్రమును నమ్మలేక, వదలలేక కొట్టుమిట్టాడును. గడువు దగ్గరపడును. తుదకు బిడ్డ బ్రతుకును. ఆమెను బ్రతికించినది వైద్యమా, మంత్రమా యను ప్రశ్నను రచయిత పాఠకునకే విడిచెను.

ఈ విడిచిపెట్టుటయే నవలపై వాదమునకు మూలమైనది. ఈ రచన మూఢవిశ్వాసములను పెంపొందించునని రంగనాయకమ్మ తీవ్రముగా విమర్శించిరి. శాస్త్రమునకును చోటిచ్చినది గదా యని అభిమానులు సమాధానము చెప్పిరి. ఈ వాదమంతయు ‘నవల ఏ పక్షమును సమర్థించినది?’ అను ప్రశ్నచుట్టును తిరిగినది. మేము వేరొక ప్రశ్నతో ఆరంభింతుము. ‘ఏ పక్షమునకు ఎట్టి సాక్ష్యమును ఇచ్చినది?’

ఈ ప్రశ్నకు ముందు రెండు పదములను విడదీసికొనవలెను. లోకవ్యవహారమున మనము అనుమానము, సంశయము అను మాటలను పర్యాయపదములుగా వాడుచున్నాము. ‘వానిమీద నాకు అనుమానము’ అన్నప్పుడు దోషమును ఒకనిపై ఆరోపించుటయే అర్థము. శాస్త్రమున అట్లు కాదు. న్యాయదర్శనము చెప్పు పదునారు పదార్థములలో ప్రమాణము మొదటిది, ప్రమేయము రెండవది, సంశయము మూడవది. దూరమున చీకటిలో కనబడునది మోడా, మనిషియా యని రెండు పక్షములను సమముగా నిలిపియుంచుట సంశయము. నిర్ణయము తొమ్మిదవ పదార్థము. సంశయమునకును నిర్ణయమునకును నడుమ దృష్టాంతము, అవయవములు, తర్కము మొదలైనవి దాటవలసియున్నవి. ఇక అనుమానమన్నచో శాస్త్రమున పొగనుబట్టి నిప్పును ఊహించు ప్రమాణము. హేతువు సరిగా లేనిచో అది హేత్వాభాసమగును. శాస్త్రమున ఇంత నియమముగల పదము లోకమున హేతువుతో పనిలేని దోషారోపణకు పేరగుట భాషాచరిత్రలో విచిత్రమైన అర్థపరిణామము. మన ప్రస్తుతవిషయమునకు ఆ పరిణామమే కీలకము. లోకముయొక్క అనుమానము మనిషివద్దకు పోయి ఆగును. శాస్త్రముయొక్క సంశయము సాక్ష్యమువద్దకు పోయి ఆరంభమగును.

ఈ దృష్టితో ‘తులసిదళం’ను మరల చదివినప్పుడు మొట్టమొదట కనబడునది సాక్ష్యములలోని అసమానత. కాద్రా క్షుద్రక్రియలను కథకుడే స్వయముగ వర్ణించును. పాఠకుడు ఆ తావున నిలిచి కన్నులార చూచినట్లుండును. వైద్యుల వివరణములు అట్లు గాక పాత్రల నోట సంభాషణలుగా వచ్చును. మొదటిది దృశ్యము, రెండవది ఉపన్యాసము. నవలాలోకమున కథకుని వాక్యము ప్రత్యక్షప్రమాణముతో సమానము. పాత్ర చెప్పిన మాట అభిప్రాయమాత్రము. కావున పైకి రెండు పక్షములను సమముగ ఉంచినట్లు తోచినను, తక్కెడలో ఒక తట్ట ముందే బరువెక్కియున్నది. రచయిత మంత్రమును సమర్థించెనని దీని యర్థము కాదు. భయమును కలిగింపదలచిన కథకు దృశ్యము కావలెను, ఉపన్యాసము చాలదు. ఇది ఉత్కంఠనవల యొక్క శిల్పధర్మము. కాని పాఠకుడు ఈ ధర్మమును గుర్తింపనిచో, శిల్పము కలిగించిన నమ్మకమును సాక్ష్యము కలిగించిన నమ్మకముగా భ్రమించును. ‘ఎవరు చూచిరి?’ అని అడుగుట సంశయవిద్యలో ప్రథమపాఠము.

రెండవ పాఠము ముగింపునందున్నది. బిడ్డను రక్షించుటకు వైద్యమార్గమున ఒక యత్నమును, మంత్రమార్గమున మరియొక యత్నమును ఇంచుమించు ఏకకాలమున సాగును. బిడ్డ బ్రతికినది. ఏ యత్నము ఫలించినదో తేలదు. కథకు ఇది చక్కని చమత్కారము. విచారణకు మాత్రము ఇది హెచ్చరిక. జ్వరము వచ్చిన బిడ్డకు మందు వేయించి, తాయెత్తు కట్టించి, దేవునకు ముడుపు కట్టిన తల్లి మన ప్రతి యూరనున్నది. జ్వరము తగ్గినది. తాయెత్తు కట్టినవాడు తన మహిమ యనును, వైద్యుడు తన మందు అనును. జ్వరము తనంతట తగ్గియుండవచ్చునను మూడవ పక్షమును ఎవరును తలంపరు. రెండు కారణములు కలిసియున్నప్పుడు ఫలమును ఒకదానికే కట్టబెట్టరాదు. విడదీసి చూచినగాని నిర్ణయము లేదు. వైద్యపరిశోధనలో మందు ఇచ్చినవారిని, ఇయ్యనివారిని వేరువేరుగా నుంచి పోల్చుట ఇందుకొరకే. నవలలో అట్టి పోలికకు తావులేదు, ఏలయన తులసి యొక్కతెయే. అందువలన నవల ప్రశ్నను తేల్పలేకపోవుట రచయిత లోపము గాదు, ఒక్క సంఘటనకు సహజమైన పరిమితి.

మూడవ పాఠము మరింత సూక్ష్మము. నవలలో శాస్త్రపక్షము వారు చెప్పు వివరణ మనశ్శాస్త్రము, వైద్యము, కాకతాళీయము మొదలైన వానిని అవసరమునుబట్టి చేర్చుకొనుచు పోవును. ఒకటి చాలనిచోట మరియొకటి వచ్చును. మాంత్రికపక్షమును అంతే. ఏది జరిగినను అది కాష్మోరా మహిమయే. ఏమి జరిగినచో తమ పక్షము ఓడినట్లో ఇరువురును చెప్పరు. ఓటమికి అవకాశమే లేని వాదము గెలిచినను దానికి విలువ లేదు. కావున ‘శాస్త్రము’ అను ముద్ర ఉన్నంతమాత్రమున వివరణ శాస్త్రీయము కానేరదు. డాక్టరు నోట వచ్చినదని నమ్ముటయు, మాంత్రికుని నోట వచ్చినదని నమ్ముటయు నమ్ముటలో ఒక్కటియే. సంశయము ఇరుపక్షములకును చెల్లవలెను.

ఈ మూడు పాఠములకంటె గురుతరమైనది నవలయొక్క పునాది. ‘తులసిదళం’ కుట్రకథ. బిడ్డ వ్యాధికి వెనుక నిజముగనే కుట్రదారులున్నారు. వారికి ధనాశ యున్నది, మంతనములున్నవి. పాఠకునకు ఇదంతయు ముందుగనే తెలియును. అందుచేత ‘ఎవరో చేయించిరి’ అను తలంపు ఈ నవలలో తప్పు కాదు. అనుమానించినవాడే జ్ఞాని, అనుమానింపనివాడే అమాయకుడు. ఇక్కడ ఇటాలియను రచయిత ఉంబెర్తో ఎకో 1988లో ప్రకటించిన ‘ఫూకో లోలకము’ నవలతో పోల్చిచూచుట ఉపయుక్తము. అందు ముగ్గురు ప్రచురణోద్యోగులు చరిత్రలోని సమస్తమును ఒకే రహస్యకుట్రకు ముడిపెట్టుచు వినోదమునకై ఒక పథకమును కల్పింతురు. వారికి ఆధారమైన పాతకాగితము గొప్ప రహస్యపత్రము గాక, వర్తకుని సరకుల చిట్టా మాత్రమేనని ఒక స్త్రీపాత్ర తేల్చిచెప్పును. అయినను ఆ కల్పనను నిజమని నమ్మినవారు పుట్టుదురు, ప్రాణములు పోవును. ఎకో నవలలో కుట్ర లేదు, దానిని వెదకుటయే అపాయము. తులసిదళమున కుట్ర యున్నది, దానిని వెదకుటయే రక్ష. మన జీవితము ఈ రెంటిలో దేనికి దగ్గర? ఈ ప్రశ్నను గ్రంథములలో గాక మన నేలపై పరీక్షించుట మేలు. అందులకు రాయలసీమలోని ఒక ప్రసిద్ధక్షేత్రమును మేము ఎన్నుకొనుచున్నాము.

కర్నూలుజిల్లాలో తుంగభద్రాతీరముననున్న మంత్రాలయమునకు పూర్వనామము మంచాల. శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో ఇచట బృందావనప్రవేశము చేసిరి. ఆయన భక్తులకు మహిమాన్వితుడైన గురువు, విద్యార్థులకు ప్రమాణశాస్త్రపండితుడు. వ్యాసతీర్థుల ‘తర్కతాండవము’నకు ఆయన రచించిన ‘న్యాయదీపము’ అను వ్యాఖ్య ద్వైతవాఙ్మయమున సుప్రసిద్ధము. ప్రత్యక్షము, అనుమానము, ఆగమము అను మూడు ప్రమాణముల బలాబలములను విచారించుటయే ఆ సంప్రదాయమునకు ఊపిరి. కావున మంత్రాలయపు కథనొకదానిని సాక్ష్యదృష్టితో విచారించుట ఆ క్షేత్రమునకు పరాయి పద్ధతిని తెచ్చిపెట్టుట కాదు.

ఆ కథ సర్ థామస్ మన్రోను గూర్చినది. మఠమునకు చెల్లుచుండిన ఇనాము గ్రామమును ప్రభుత్వము తిరిగి గైకొనదలచినదట. విచారణకు వచ్చిన మన్రో టోపీని, పాదరక్షలను విడిచి లోనికేగి, స్వామితో ముఖాముఖి సంభాషించెనట. వెంటనున్నవారికి మన్రో మాటలాడుట కనబడినది గాని స్వామి కనబడలేదట. ఆయన మంత్రాక్షతలను గైకొని, ఇనామును నిలుపవలెనని వ్రాసెనట. ఈ కథకు మద్రాసు గెజిటు సాక్ష్యమని చెప్పుట పరిపాటి.

భక్తుని దృష్టిలో ఈ కథ గురుకారుణ్యమునకు నిదర్శనము. ఆ విశ్వాసముతో మాకు వివాదము లేదు. పరిశోధకుడు అడుగవలసినవి వేరు. మొదటిది కాలము. నిజాము 1800లో దత్తమండలములను కంపెనీకి అప్పగించినపిదప మన్రో 1807వరకు వానికి ప్రధాన కలెక్టరు. 1820నుండి 1827వరకు మద్రాసు గవర్నరు. కథ చెప్పువారు కొందరు ఆయనను కలెక్టరందురు, కొందరు గవర్నరందురు. ఈ రెంటికిని నడుమ పదమూడేండ్ల యెడమున్నది. రెండవది సాక్ష్యము. ప్రభుత్వ ప్రకటనలను ముద్రించు గెజిటు వేరు, జిల్లాలోని నేలను, పంటలను, గుడులను, స్థలకథలను వర్ణించు గెజిటీరు వేరు. ఆదవాని తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రావతరణము వరకు బళ్లారిజిల్లాలోనిది గనుక, ఈ ప్రాంతమునకు సంబంధించిన గెజిటీరు డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి గెజిటీరు. అది 1904లో వెలువడినది. అనగా మన్రో కలెక్టరు పదవికి శతాబ్దము తరువాతిది. అట్టి గ్రంథమున ఒక స్థలకథ చేరినచో, ఆ కథ నాటి ప్రజలలో వ్యాపించియుండెనని మాత్రమే సిద్ధించును. మన్రో ఏమి చూచెనన్నది సిద్ధింపదు. మూడవది ద్రష్ట. చూచినవాడు ఒక్కడే. అతని వాఙ్మూలముగా చెప్పునది ఇతరుల ద్వారా వచ్చినదే.

ఇచట మరియొక కథ తోడ్పడును. కడపజిల్లాలో వేంపల్లె సమీపమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొని పారుచోట గండి యను క్షేత్రము కలదు. శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు ఆ కొండల నడుమ బంగారుతోరణము కట్టెనని ఐతిహ్యము. అది సామాన్యులకు కనబడదు, మరణము ఆసన్నమైన పుణ్యాత్మునకే కనబడును. మన్రో ఆ దారిని పోవుచు దానిని చూచెననియు, అనతికాలముననే మరణించెననియు చెప్పుదురు. ఆయన 1827 జూలై 6న కర్నూలుజిల్లా పత్తికొండలో కలరాచే మరణించినది మాత్రము చరిత్రవిదితము.

రెండు కథలను పక్కపక్కన నుంచినప్పుడు ఒకే మూస స్పష్టమగును. అధికారి యొకడు, అన్యులకు కనబడనిది అతనికొక్కనికే కనబడుట, ఆ దర్శనముచే అతడు మనవాడగుట. మన్రోపై ఈ సీమ ప్రజలకు గల ఆదరము చిన్నది కాదు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన ప్రాంతమిది. పరాయి పాలకుని పుణ్యాత్మునిగా జేసి తమ గురువు ముందు, తమ దేవుని ముందు నిలుపుట ప్రజల కథాశక్తి. ఈ కథలు మన్రో దినచర్యకు సాక్ష్యములు కాకపోవచ్చును గాని, జనహృదయమునకు నమ్మదగిన సాక్ష్యములు. సంశయము కథను నాశనము చేయదు, అది దేనికి సాక్ష్యమో దానికి కుదుర్చును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. గండి కథయు ఒక మరణమునకు వివరణయే. కలరాకు కలుషితజలము కారణమని జాన్ స్నో లండనులో 1854లో చూపువరకు లోకమునకు స్పష్టముగ తెలియదు. 1827లో ఒక గొప్పవాడు ఒక్కదినములో కూలినప్పుడు జనము అర్థము వెదకినది, తోరణము దొరకినది. ఆ వివరణ శాస్త్రసమ్మతము కాదు. అయినను దానివలన ఎవరికిని హాని కలుగలేదు, ఏలయన అందు దోషి లేడు. వ్యాధికి అర్థమును చెప్పుట ఒకటి, వ్యాధికి కర్తను చూపుట మరియొకటి. కాష్మోరా కథ రెండవ తెగలోనిది. బిడ్డ జబ్బుపడినది, కావున ఎవరో చేయించిరి, కావున వానిని పట్టవలెను. మూడు మెట్లలో పాఠకుడు రోగశయ్యనుండి దోషియొద్దకు చేరును.

నవలలో ఆ మెట్లకు చివర ధనాశాపరులున్నారు. ఊరిలో ఉండునది ఎవరు? తెలంగాణమున బాణామతి యని, కోస్తాలో చిల్లంగి యని, అన్నిచోట్ల చేతబడి యని పిలువబడు నమ్మకమున బలియైనవారిని చూడుడు. వారు తరచుగ దిక్కులేని వృద్ధురాలు, పొరుగింటి పేదవాడు, నాటువైద్యము చేయువాడు. మంత్రోచ్చారణ సాగకుండుటకని పండ్లు ఊడగొట్టిన సంఘటనలు, కొట్టి, కాల్చి చంపిన సంఘటనలు మన వార్తాపత్రికలలో ఇటీవలి దశాబ్దములలోను వచ్చినవి. వారికి రావలసిన సంపద లేదు, వారు జరిపిన మంతనము లేదు. ఉన్నది ఒక్క జ్వరము, ఒక్క చావు, దానిచుట్టు పెరిగిన అనుమానము. నవలలో కుట్ర సిద్ధాంతము, జీవితమున అది సాధింపవలసిన పక్షము. ఈ భేదమును గుర్తింపనివాడు తులసిదళమును ఎన్నిసార్లు చదివినను మొదటిసారి చదివినట్లే.

దీనినిబట్టి విమర్శకుడు ఒక కొలమానమును ఏర్పరచుకొనవచ్చును. కథను విన్నప్పుడు ‘ఇది నిజమా?’ అనుటతోపాటు ‘దీనిని నమ్మినచో ఎవరికి శిక్ష?’ అని అడుగవలెను. శిక్ష ఎవరికిని లేనిచో, మంత్రాలయపు కథవలె, గండి కథవలె, దానిని ఐతిహ్యముగ ఆదరించి, చరిత్రగా మాత్రము తొందరపడి వ్రాయకుండిన చాలును. శిక్ష ఒక మనిషి మెడకు తగులునదైనచో సాక్ష్యము అంతకంతకు బలమైనది కావలెను. ప్రత్యక్షము ఎవరిది, ఎప్పటిది, వేరు కారణము ఉండవచ్చునా, ఏమి తేలినచో మన తలంపు తప్పగును అను ప్రశ్నలకు సమాధానము రానంతవరకు నిర్ణయము చేయరాదు. సాక్ష్యభారము నమ్మకము యొక్క వింతకు మాత్రమే గాక, దాని హానికిని అనుగుణముగ పెరుగవలెను.

ఈ కొలమానముతో తూచినప్పుడు ‘తులసిదళం’పై మా తీర్పు మిశ్రమము. దృశ్యమునంతయు మంత్రమునకిచ్చి, మాటలను మాత్రము శాస్త్రమునకిచ్చుట వలన తాను ప్రకటించుకొనిన సమత్వమును నవల నిలుపుకొనలేదు. వ్యాధికి కర్త యుండి తీరునను భావమును అది ఎచ్చటను ప్రశ్నింపలేదు. ఇది దాని ప్రధానలోపము, రంగనాయకమ్మ విమర్శకు ఈ భాగమున బలమున్నది. అయినను రెండు పక్షములను చివరివరకు ఎదురెదురుగ నిలిపిన ఉత్కంఠనవల ఇది. ఒక్క పక్షమునే పలికిన నవల భక్తుని గాని, ద్వేషిని గాని తయారుచేయును. రెండు పక్షములు పలికినది, మరల చదివినచో, విచారకుని తయారుచేయగలదు. లక్షలాది పాఠకులు ప్రేమించిన గ్రంథమునందే అట్టి అవకాశముండుట అధ్యాపకునకు లాభము. ప్రమాణములనుగూర్చి పాఠము చెప్పునప్పుడు పొగ, నిప్పు అను పాత దృష్టాంతము నిద్ర తెప్పించినచో, కాద్రా శ్మశానక్రియ నిద్రపుచ్చదు. విద్యార్థిని ‘ఈ వాక్యము కథకునిదా, పాత్రదా? ఈ ఫలమునకు కారణమొక్కటియేనా?’ అని పుట పుటకు అడిగించుచు ఈ నవలను బోధింపవచ్చును. పిదప అదే ప్రశ్నలను స్థలపురాణములకు, శాసనములకు, గెజిటీర్లకు, తుదకు ఊరిలో వినవచ్చు వదంతికి వర్తింపజేయవచ్చును.

చీకటిలో కనబడునది మోడా, మనిషియా యని నిలిచి చూచువానిని లోకము పిరికివాడనవచ్చును. ముందే రాయి విసరినవానిని ధైర్యవంతుడనవచ్చును. తెల్లవారినపిదప అది మోడైనచో రాయి వృథా యగును, అంతియే. మనిషియైనచో ఆ గాయమునకు మందులేదు.